సిండర్ సిందూరానికి చుట్టం కాదు

మా చిన్నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో, ఇనుప ఖనిజపు పొడిని వేడితో గడ్డకట్టించే సింటర్ ప్లాంటులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నా చిన్నతనంలో ఆయన బి షిఫ్టు దిగి ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర దాటేది. పెరట్లో కుళాయి దగ్గరే చొక్కా విప్పి బకెట్లో వేస్తే, కాసేపటికి ఆ నీళ్ళు కుంకుమ కలిపినట్టు ఎర్రబడేవి. అది బైలదిల్లా కొండల నుంచి వచ్చే హెమటైట్ ఖనిజపు ధూళి. కాలరు మడతలోనూ, చెవుల వెనకా, గోళ్ళ సందుల్లోనూ చేరేది. పిన్ని ఎంత ఉతికినా ఆ చొక్కాలకు మళ్ళీ తెలుపు రాలేదు. అందుకే మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆయన ఒక సందేశం పంపినప్పుడు, అది ఆయనకు ఎందుకంత నచ్చిందో నాకు వెంటనే అర్థమైంది. సిండర్, సింటర్ అనే ఇంగ్లీషు మాటలు రెండూ మన సిందూరం నుంచే పుట్టాయని, రంగును బట్టి, శబ్దాన్ని బట్టి ఆ సంగతి స్పష్టంగా తెలుస్తోందని ఆ సందేశంలో ఉంది. దాని కింద చిన్నాన్న సొంతంగా ఒక వాక్యం చేర్చారు: "చూశావా అమ్మా, ఇన్నేళ్ళూ నేను సిందూరంలోనే పనిచేశానన్నమాట."

ఆ వాక్యంలోని సంతోషాన్ని ఒక్క ముక్కలో కాదనడానికి నాకు మనసొప్పలేదు. అయితే నేను అనువాదం వృత్తిగా చేసుకున్న మనిషిని, మాటల పుట్టుక విషయంలో అబద్ధాన్ని చూసీచూడనట్టు పోవడం నాకు చేతకాదు. పైగా ఈ సిండర్ అనే మాట చరిత్ర, పోలికను చూసి చుట్టరికం కలపడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. ఎందుకంటే పోలికను నమ్మి మోసపోయింది వాట్సాప్ పాఠకులు మాత్రమే కాదు. ఇంగ్లీషువారు తమ సొంత మాట విషయంలోనే కొన్ని వందల ఏళ్ళ కిందట అదే పొరపాటు చేశారు, ఆ పొరపాటు ఆ మాట మొదటి అక్షరంలో ఈనాటికీ కనిపిస్తోంది.

నేటి ఇంగ్లీషులో సిండర్ అంటే బొగ్గో కట్టో కాలిపోయాక మిగిలిన, పూర్తిగా బూడిద కాని ముక్క. దాన్ని సి అక్షరంతో మొదలుపెట్టి రాస్తారు. ఆంగ్లో-సాక్సన్ల కాలంలో, అంటే నార్మన్లు 1066లో ఇంగ్లండును గెలవడానికి ఎంతో ముందు, అదే మాటను ఎస్ అక్షరంతో రాసేవారు. అప్పుడు దానికి బొగ్గుతో గాని బూడిదతో గాని సంబంధం లేదు. లాటిన్ మాటలకు పక్కన దేశభాషలో అర్థాలు రాసిపెట్టిన ఆనాటి పదపట్టికల్లో, లోహపు మలినమనే అర్థమున్న స్కోరియా వంటి లాటిన్ మాటకు ఎదురుగా సిండర్ కనిపిస్తుంది. మన భాషలో దానికి సరైన మాట చిట్టెం. ఖనిజాన్ని కొలిమిలో కరిగించి ఇనుము తీశాక మిగిలే, నల్లగా గాజులా గడ్డకట్టిన రాయి అది. బూడిద అంటే నిప్పు తిన్నాక మిగిలినది, చిట్టెం అంటే ఇనుము పోగా మిగిలినది. ఈ రెంటి మధ్య తేడాను గుర్తుంచుకోవాలని పాఠకులను కోరుతున్నాను, ఈ మాట కథ అంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

పాత అర్థానికి నాకు బాగా నచ్చిన ఆధారం ఒక పొడుపుకథ. ఎక్సెటర్ నగరపు బిషప్ లియోఫ్రిక్ 1072లో చనిపోయే ముందు అక్కడి కెథీడ్రల్‌కు ఇచ్చిపోయిన ఒక రాతప్రతిలో తొంభైకి పైగా పొడుపుకథలున్నాయి. వాటిలో ఒకటి పుస్తకం తన కథ తానే చెప్పుకుంటున్నట్టు సాగుతుంది. ఒక శత్రువు నా ప్రాణం తీశాడు, నన్ను నీటిలో నానబెట్టాడు, ఎండలో పెట్టాడు, నా వెంట్రుకలన్నీ ఊడిపోయాయి, ఆ తరవాత కత్తి అంచు నన్ను కోసింది అంటుంది ఆ పుస్తకం. దూడ తోలు, రాతకు పనికొచ్చే పార్చ్‌మెంటుగా మారే క్రమం అది. ఆ కత్తికి కవి ఇచ్చిన విశేషణం "సిండ్రుమ్ బెగ్రుండెన్". సిండ్రుమ్ అనేది సిండర్ అనే మాటకు బహువచనపు విభక్తి రూపం, బెగ్రుండెన్ అంటే నూరిన. చిట్టెం మలినాలు పోయేదాకా నూరిన కత్తి అని ఎక్కువమంది చెప్పే అర్థం. ఆ విభక్తికి తృతీయార్థం కూడా ఉంది కాబట్టి చిట్టెంతో నూరిన కత్తి అని కూడా చెప్పుకోవచ్చు. నాకు మొదటిదే సమంజసంగా తోస్తుంది. ఆ కాలపు ఇనుము ఎలా తయారయ్యేదో తెలిస్తే అందుకు కారణం తెలుస్తుంది.

శుద్ధమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. ఆనాటి మట్టి కొలుముల్లో, కట్టెబొగ్గుతో, తిత్తులతో ఊది అంత వేడి పుట్టించడం సాధ్యమయ్యేది కాదు. అయితే ఖనిజంలోని ఇసుకరాయి భాగం కొంత ఇనుప ఆక్సైడుతో కలిసి 1200 డిగ్రీల దరిదాపుల్లోనే కరిగి కిందికి కారిపోయేది. ఇనుము మాత్రం కరగకుండానే స్పంజిలాంటి ముద్దగా కొలిమిలో మిగిలిపోయేది. ఆ ముద్ద సందుల నిండా చిట్టెమే. కమ్మరి దాన్ని మళ్ళీ మళ్ళీ కాల్చి, సమ్మెటతో బాదుతుంటే, లోపల దాగిన చిట్టెం నిప్పురవ్వలై నలువైపులా ఎగిరిపడేది. ఎంత బాదినా ఎంతో కొంత లోపల మిగిలేది, అది మిగిలినచోట కత్తి అంచు పెళుసై విరిగేది. మలినం లేని అంచు కమ్మరి పనితనానికి గుర్తు. పొడుపుకథ కట్టిన కవి ఏదో అలంకారం కోసం ఆ విశేషణం వేయలేదు, మంచి కత్తిని కొని వాడిన వాడు ఎలా మెచ్చుకుంటాడో అలాగే మెచ్చుకున్నాడు.

ఈ మాట ఇంగ్లీషుకు ఒంటరిగా రాలేదు. స్కాండినేవియావారి ప్రాచీన నార్స్ భాషలో సిండ్ర్ అంటే చిట్టెమే. ఆ భాషలోనే సింద్రా అనే క్రియకు రవ్వలు చిమ్మడం అని అర్థం, నేటి ఐస్‌లాండువారు ఆ క్రియను మెరవడం, తళుక్కుమనడం అనే అర్థంలో ఇంకా వాడుతున్నారు. ప్రాచీన జర్మన్‌లో సింటర్ అంటే చిట్టెం, అంతేకాక సమ్మెట దెబ్బకు ఎర్రటి ఇనుము మీది నుంచి పొలుసుల్లా రాలిపడే పెచ్చులు కూడా. అక్కడ ట ఎందుకు వచ్చిందన్నది ఒక పెద్ద నియమంలో భాగం. ఇంగ్లీషులో డ ఉన్నచోట జర్మన్‌లో ట రావడం మామూలే, పగటిని ఒకరు డే అంటే ఒకరు టాగ్ అంటారు, తాగడాన్ని ఒకరు డ్రింక్ అంటే ఒకరు ట్రింకెన్ అంటారు. జర్మానిక్ భాషలకు అవతల, స్లావిక్ భాషల్లో కూడా దీనికి బంధువులున్నాయని పండితులు చెబుతారు. చెక్ భాషలో జిప్సానికున్న సాద్రా అనే పేరు వాటిలో ఒకటి. కారి, గడ్డకట్టి, రాయిగా మారిన పదార్థం అనే భావం వీటన్నిటి అడుగునా ఉందని వారి ఊహ. కొలిమి నుంచి కారే చిట్టేన్ని ఒకసారి చూసినవారికి ఆ ఊహ అసహజంగా కనిపించదు.

కాగితాల మీదనే కాదు, నేల మీద కూడా దీనికి ఆధారాలున్నాయి. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో, డీన్ అడవిలో, సిండర్‌ఫర్డ్ అనే ఊరుంది. ఫర్డ్ అంటే ఏటిని కాలినడకన దాటే రేవు. 1258 నాటి పత్రంలో ఆ ఊరి పేరు ఎస్ అక్షరంతోనే ఉంది. రోమన్ల కాలం నుంచి ఆ అడవిలో ఇనుము తీశారు, కట్టెబొగ్గు, ఖనిజం రెండూ అక్కడే దొరికేవి. శతాబ్దాల తరబడి పోగుపడిన చిట్టెపు రాళ్ళను వాగులో పరిచి దారి చేసుకున్నారు కాబట్టి ఆ రేవుకు ఆ పేరు. బూడిదతో ఎవరూ వాగులో దారి వేయరు. ఈ ఒక్క ఊరి పేరు చాలు, సిండర్ అంటే మొదట బూడిద కాదని తేల్చడానికి.

ఆ చిట్టెం కుప్పల కథ అక్కడితో అయిపోలేదు. పాత కొలుములు ఇనుమంతా రాబట్టలేకపోయేవి, వాటి చిట్టెంలో బరువులో దాదాపు సగం దాకా ఇనుము ఉండిపోయేది. 17వ శతాబ్దంలో నీటిచక్రాలతో నడిచే పెద్ద తిత్తులున్న బ్లాస్ట్ ఫర్నేసులు వచ్చాక, డీన్ అడవిలో జనం ఆ పాత కుప్పలనే తవ్వి, కొత్త ఖనిజంతో కలిపి మళ్ళీ కరిగించారు. హెన్రీ పౌల్ అనే ఆయన 1677-78లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ పని గురించి రాస్తూ, పూర్వులు వదిలేసిన ఆ సిండర్ ప్రస్తావన వివరంగా చేశాడు. గమనించవలసిందేమిటంటే, అప్పటికి కూడా ఇనుము పనివారి నోట సిండర్ అంటే చిట్టెమే. మన ఆయుర్వేదంలో మండూరమనే ఔషధం ఇనుప చిట్టెంతోనే చేస్తారు, ఆ చిట్టెం ఎంత పాతదైతే అంత మేలని, నూరేళ్ళనాటిది ఉత్తమమని రసశాస్త్రం చెబుతుంది. వదిలేసిన దానికి విలువ కట్టడం రెండుచోట్లా ఉంది, కాని దాని వల్ల మాటలకు చుట్టరికం రాదు.

ఇక ఆ సి అక్షరం సంగతి. ఫ్రెంచిలో బూడిదను సాంద్ర్ అంటారు, మధ్యయుగాల్లో దాన్ని సెండ్రె అనేవారు. రాజదర్బారులోనూ న్యాయస్థానంలోనూ మఠంలోనూ ఫ్రెంచి చలామణీ అవుతున్న ఇంగ్లండులో, చదువుకున్నవారి చెవికి సిండర్, సెండ్రె ఒకటే మాట అనిపించింది. రెండూ నిప్పు దగ్గరివే, రెండూ మిగిలిపోయినవే, శబ్దం కూడా దాదాపు ఒకటే. ఇంగ్లీషు మాటను ఫ్రెంచివారు రాసినట్టు సి అక్షరంతో రాయడం అలా మొదలై, క్రమంగా స్థిరపడిపోయింది. శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన నిఘంటువులో ఈ మాటకు ఫ్రెంచి మూలాన్నీ, దాని వెనక లాటిన్ మూలాన్నీ చూపించాడు. అంతటి పండితుడు కూడా ఆ పోలికకు లొంగిపోయాడు. వందేళ్ళకు పైగా గడిచాక, వాల్టర్ స్కీట్ తన వ్యుత్పత్తి నిఘంటువులో ఆ సి అక్షరం పొరపాటని, అసలు రూపం ఎస్‌తో మొదలయ్యే ఆంగ్లో-సాక్సన్ మాట అని చెప్పి లెక్క సరిచేశాడు.

స్కీట్ అంత ధైర్యంగా ఎలా చెప్పగలిగాడు? ఇక్కడే నాకు ఈ మాట మీద మోజు ఎక్కువ. ఫ్రెంచి సెండ్రె అనేది లాటిన్ కినెరెమ్ నుంచి వచ్చింది. పాత రోమన్ల నోట ఆ మొదటి అక్షరం క అని పలికేది. ఆ మాటలో స అనే శబ్దమే లేదు. డ అనే శబ్దమూ లేదు. కాలక్రమంలో మొదటి క మెత్తబడి ఫ్రెంచి నోట స అయింది. మధ్యలోని అచ్చు జారిపోవడంతో న, ర పక్కపక్కన చేరి, ఆ రెంటి మధ్య నాలుకకు ఊతగా ఒక డ పుట్టింది. ఇలాంటి డ మనకు కొత్త కాదు. పన్, రెండు కలిసి పండ్రెండు కావడంలో వచ్చిన డ అటువంటిదే, తరవాత అదే పన్నెండు అయింది. ఫ్రెంచిలో ఇది ఒక్క మాటకే జరిగింది కూడా కాదు, లాటిన్ గెనెరుమ్ అనే అల్లుడు ఫ్రెంచిలో జాండ్ర్ అయ్యాడు, లేత అనే అర్థమున్న తెనెరుమ్ తాండ్ర్ అయింది. అంటే సిండర్‌నూ సెండ్రెనూ కవలల్లా చూపించే ఆ స, ఆ డ, రెండూ ఫ్రెంచి మాటకు మధ్యలో వచ్చినవే. ఇంగ్లీషు మాటకు అవి పుట్టుకతో ఉన్నాయి. వేర్వేరు ఊళ్ళ నుంచి బయల్దేరిన ఇద్దరు మనుషులు దారిలో ఒక కూడలిలో పక్కపక్కన నిలబడితే, చూసినవారు అన్నదమ్ములనుకున్నారు. వారి పోలిక నిజమే, పుట్టుక వేరు.

అయితే ఆ పొరపాటు అక్షరంతో ఆగలేదు, అర్థంలోకి కూడా పాకింది. ఫ్రెంచి సాంద్ర్‌కు బూడిద అనే అర్థం ఉంది కాబట్టి, సిండర్ కూడా బూడిద వైపు జరిగింది. మన పిల్లలకు కూడా తెలిసిన సిండరెల్లా పేరు దీనికి మంచి ఉదాహరణ. షార్ల్ పెరో 1697లో ఫ్రెంచిలో ప్రచురించిన కథలో ఆ అమ్మాయి పని ముగించుకుని పొయ్యి మూల బూడిదలో కూర్చునేది కాబట్టి ఆమెకు సాంద్రిల్లోన్ అనే పేరు వచ్చింది. 1729లో రాబర్ట్ సాంబర్ దాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ సిండర్ అనే మాటతో పేరు కట్టాడు. ఫ్రెంచి పిల్ల బూడిదలో కూర్చుంటే, ఇంగ్లీషు పిల్ల కమ్మరి కొలిమి మాటను పేరుగా మోస్తోంది. జర్మన్‌లో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో ఆమె ఆషెన్‌పుటెల్, అక్కడ ఆషె అంటే నికరంగా బూడిదే, ఏ గందరగోళమూ లేదు.

అర్థం మారడానికి ఫ్రెంచి ఒక్కటే కారణమని కూడా నేను అనను. కొలిమిలో సిండర్ కూర్చున్న పీటను, 16వ శతాబ్దంలో జర్మనీ ఉత్తర తీరపు భాష నుంచి వచ్చిన స్లాగ్ అనే మాట మెల్లగా ఆక్రమించింది. ఈనాడు మన ఉక్కు కర్మాగారాల్లోనూ చిట్టెం అంటే స్లాగే. అదే కాలంలో లండన్ ఇళ్ళలో కట్టెలకు బదులు, న్యూకాజిల్ నుంచి సముద్రం మీద వచ్చే రాక్షసిబొగ్గు కాలడం మొదలైంది. కట్టె పూర్తిగా బూడిదవుతుంది. రాక్షసిబొగ్గు అలా కాదు, సగం కాలి, గట్టిగా, రంధ్రాలతో, అచ్చం చిట్టెంలాంటి ముక్కలుగా మిగులుతుంది. దానికొక పేరు కావలసివచ్చింది, పని తగ్గిన సిండర్ ఆ పనికి కుదిరింది. 19వ శతాబ్దపు లండన్‌లో చెత్తకుప్పల దగ్గర ఆడవాళ్ళు మోకాళ్ళ లోతు బూడిదలో నిలబడి, జల్లెడలతో ఆ ముక్కలను వేరు చేసేవారు. ఇటుకల బట్టీలవారు వాటిని కొనుక్కుని ఇటుకలు కాల్చడానికి వాడుకునేవారు. జల్లెడ పట్టిన ఆ ముక్కలకు అక్కడ బ్రీజ్ అని పేరు.

ఆ బ్రీజ్ అనే మాట నన్ను ఒకసారి దెబ్బతీసింది, ఆ సంగతి ఇక్కడ చెప్పడం న్యాయం. పదేళ్ళ కిందట కార్మికుల శిక్షణ కోసం ఒక చిన్న పుస్తకాన్ని తెలుగు చేస్తున్నప్పుడు, అందులో కోక్ బ్రీజ్ అనే మాట వచ్చింది. బ్రీజ్ అంటే పిల్లగాలి అని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రాక్షసిబొగ్గును కోక్‌గా మార్చే బట్టీల నుంచి వచ్చే వాయువేదో అయివుంటుందనుకుని, ఎవరినీ అడగకుండా అలాగే రాసేశాను. పుస్తకం అచ్చయి వచ్చాక చిన్నాన్న చదివి, వేలు ఆ పంక్తి మీద పెట్టి, "ఇది గాలి కాదమ్మా, కోక్ పొడి. చేత్తో పట్టుకుంటాం దీన్ని" అన్నారు. గాలికి చెప్పే బ్రీజ్ స్పానిష్ దారిలో వచ్చిందనీ, పొడికి చెప్పే బ్రీజ్ నిప్పుకణికలనే అర్థమున్న ఫ్రెంచి బ్రేజ్ నుంచి వచ్చివుంటుందనీ తరవాత తెలుసుకున్నాను. రాత ఒకటే, పలుకు ఒకటే, పుట్టుక వేరు. తప్పు అచ్చయిన పుస్తకం కార్మికుల చేతుల్లోకి వెళ్ళిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. పోలిక ఎంత బలంగా మనసును లాగుతుందో నాకు అనుభవంలో తెలుసు, కాబట్టే ఈ వ్యాసాన్ని చిన్నాన్న మీద కోపంతో రాయడం లేదు.

ఇప్పుడు సిందూరం దగ్గరికి వద్దాం. సంస్కృతమూ ఇంగ్లీషూ ఒకే మహాకుటుంబానికి చెందిన భాషలు, వాటి మధ్య నిజమైన చుట్టరికాలు వందల్లో ఉన్నాయి. అవి ఇష్టం వచ్చినట్టు ఉండవు, ఒక క్రమంలో ఉంటాయి. సంస్కృతంలో ధ ఉన్నచోట ఇంగ్లీషులో డ ఉంటుంది, మధువుకు మీడ్, విధవకు విడో, బంధానికి బైండ్ బంధువులు. సంస్కృతంలో ద ఉన్నచోట ఇంగ్లీషులో ట ఉంటుంది, దశకు టెన్, ద్వికి టూ, దంతానికి టూత్. ఈ క్రమాన్ని 1822లో సూత్రంగా నిలిపినవాడు యాకోబ్ గ్రిమ్, పైన చెప్పిన ఆషెన్‌పుటెల్ కథను సేకరించిన అన్నదమ్ముల్లో పెద్దవాడు. ఇప్పుడు సిందూరాన్ని ఈ తూకంలో వేసి చూడండి. అందులో ఉన్నది ద. దానికి ఇంగ్లీషులో తోబుట్టువు ఉంటే అందులో ట ఉండాలి, సిండర్‌లో ఉన్నది డ. జర్మన్ సింటర్‌లో ట ఉంది కదా అంటే, అది ఇంగ్లీషులో డ గానే నిలిచిన పాత శబ్దాన్ని జర్మన్‌వారు తరవాత మార్చుకున్న ట అని డే, టాగ్ జంట దగ్గర చూశాం. పోనీ, చుట్టరికం కాదు, అరువు అనుకుందామా? ఆంగ్లో-సాక్సన్ కమ్మరి తన కొలిమి అడుగున రోజూ చూసే రాయికి, వేల మైళ్ళ అవతలి దేశపు మాటను అరువు తెచ్చుకోవలసిన అవసరమేమిటి? వచ్చిందనడానికి మధ్యలో ఏ భాషలోనైనా అడుగుజాడ ఉండాలి కదా? అదీ లేదు. అర్థం కూడా కలవదు, సిందూరం సీసం నుంచి గాని పాదరసం నుంచి గాని పనిగట్టుకుని తయారుచేసుకునే ఎర్రటి రంగు, చిట్టెం ఎవరూ కోరకుండా మిగిలిపోయే నల్లటి రాయి.

ఈ కఠినత్వం మనకెందుకు, ఏదో సంతోషానికి అనుకుంటే పోయేదేముంది అని అడిగేవారున్నారు. పోయేది ఉంది. తెలుగులో సంస్కృత పదాలు లెక్కలేనన్ని ఉన్నాయి, పైపైన పోల్చి చూస్తే తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందనిపిస్తుంది, చాలాకాలం పండితులు అలాగే అన్నారు. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆ మాటను కాదన్నాడు. తెలుగు ధాతువులను తమిళ కన్నడ ధాతువుల పక్కన పేర్చి, అరువు మాటలను పక్కకు తీసి, తెలుగు వేరే కుటుంబానికి చెందిన భాష అని చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అది అచ్చయింది. మన భాషకు తన సొంత ఇల్లు ఏదో చూపించింది ఆ పద్ధతే. మన విషయంలో న్యాయం చేసిన తూకాన్ని ఇంగ్లీషు కమ్మరి మాట విషయంలో పక్కన పెట్టమనడం నాకు సబబుగా తోచదు. ఆ మాట కూడా ఒక ఇంట్లో పుట్టింది, దాని వెనక కూడా చేతులు కాల్చుకుని పనిచేసిన మనుషులున్నారు. వారి మాటను మన ఖాతాలో వేసుకుంటే, వారి కొలిమి కనపడకుండా పోతుంది.

దీనికి ఎదురుగా ఇంకొక అతి ఉంది. సి అక్షరం తప్పు కాబట్టి దాన్ని తీసేసి ఎస్ పెట్టాలనే వాదన అది. నేను దానికీ ఒప్పుకోను. ఫ్రెంచి సాంద్ర్ ఈ మాటను కనలేదు, కాని పెంచింది. బూడిద అనే అర్థాన్ని ఇచ్చింది, సిండరెల్లాను ఇచ్చింది. కన్నతల్లి పేరు తెలుసుకోవడానికి పెంచిన తల్లి ఇంటిపేరు చెరిపేయనక్కరలేదు. నిఘంటువులో అసలు పుట్టుక సరిగ్గా రాసివుంటే చాలు, అక్షరం అలాగే ఉండవచ్చు.

ఇవన్నీ చెప్పడానికి మొన్న ఆదివారం నేను ఉక్కునగరం వెళ్ళాను. చిన్నాన్న అంతా శ్రద్ధగా విన్నారు. సిందూరం పోయిందన్నందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా. "మరి మా సింటర్ ఎక్కడిది?" అని అడిగారు. అది మాత్రం నిజంగానే సిండర్ తోబుట్టువని చెప్పాను. జర్మనీ గనుల్లో, వేడినీటి బుగ్గల దగ్గర గడ్డకట్టే రాతిపొరలకు కూడా సింటర్ అనే పేరే ఉండేది. 18వ శతాబ్దం చివర ఇంగ్లీషువారు ఆ జర్మన్ మాటను అరువు తెచ్చుకున్నారు, తమ ఇంట్లో దాని అక్క సిండర్ వేరే వేషంలో ఉన్న సంగతి ఎరగకుండానే. 19వ శతాబ్దంలో అది క్రియగా మారి, పొడిని పూర్తిగా కరగనీయకుండా వేడితో అతికించి గడ్డ కట్టించడమనే అర్థం తెచ్చుకుంది.

అతికించడం అనే మాట వినగానే చిన్నాన్న ముఖంలో ఉద్యోగం రోజులు తిరిగివచ్చాయి. ఖనిజపు సన్నపొడిని ఉన్నదున్నట్టు బ్లాస్ట్ ఫర్నేసులో పోస్తే గాలి ఆడక ఉక్కిరిబిక్కిరవుతుందని, అందుకే దాన్ని కదిలే ఇనుప పళ్ళేల మీద పరిచి, పైన మంట అంటించి, కింది నుంచి గాలి పీలుస్తారని, మంట పొర పొరగా కిందికి దిగుతూ 1300 డిగ్రీల దగ్గర అంచులు కరిగి గింజ గింజా అతుక్కుంటుందని చేతులు కదుపుతూ చెప్పారు. ఆ పొడిలో ఏమేం కలుపుతారని అడిగాను. ఆయన ఎడమచేతి వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయారు: ఖనిజం పొడి, సున్నపురాయి, డోలమైటు, నువ్వు గాలి అని రాసిన కోక్ బ్రీజ్, ఫర్నేసు పొగగొట్టాల్లో పట్టిన ఫ్లూ డస్ట్, జల్లెడ కింద పడిన పాత సింటర్ పొడి, మిల్ స్కేల్.

మిల్ స్కేల్ అంటే ఏమిటో చెప్పమని ఆపాను.

"రోలింగ్ మిల్లులో ఎర్రటి దిమ్మె రోలర్ల కింద నలుగుతుంటే పైనుంచి పొలుసులు రాలతాయి కదమ్మా, అవి. ఊడ్చి మాకు పంపేవారు. సగానికి పైగా ఇనుమే, పారేస్తే ఎలా?" అన్నారు.

సమ్మెట దెబ్బకు ఎర్రటి ఇనుము మీది నుంచి రాలే పొలుసు. ప్రాచీన జర్మన్ కమ్మరి సింటర్ అని పిలిచిన వస్తువుల్లో అదీ ఒకటని చెప్పాను. చిన్నాన్న మడిచిన వేలిని అలాగే పట్టుకుని కాసేపు చూసి, "అయితే మేం సింటర్‌లో సింటరే కలిపామన్నమాట" అన్నారు.